అడగని ఐదో ప్రశ్న

ఆ రెండేళ్ళూ బస్సు ఎక్కితే నా ఒళ్ళో ఒక ఐస్ డబ్బా ఉండేది. నీలం రంగు డబ్బా, తెల్ల మూత. కర్నూలు బస్టాండులో ఇలా కూర్చున్నానో లేదో, పక్క సీటావిడ "ఏం పాపా, ఐసు అమ్మను పోతాండావా?" అని మొదలుపెట్టేది. లేదమ్మా, ఇందులో మనుషుల నెత్తురు పెట్టుకుని వస్తాను, పరీక్షకు, అని చెప్పేదాన్ని. ఆ మాట చెవిన పడగానే ఆమె మూట సర్దుకుని ఇంకో సీటు చూసుకునేది. కొన్నాళ్ళకు నాకూ తెలివి వచ్చింది. కాస్త కాళ్ళు చాపుకోవాలనిపించిన రోజున నిజం చెప్పేదాన్ని, మిగతా రోజుల్లో అవునమ్మా, ఐసే అనేదాన్ని. అంత సులువుగా అబద్ధం చెప్పడం నాకు అక్కడే అలవాటయిందేమో తెలియదు.

నాది కడప. ల్యాబ్ టెక్నీషియన్ చదువు అయిపోయాక కర్నూలులో ఒక గుండె డాక్టరు దగ్గర ఉద్యోగం దొరికింది. పెళ్ళి కాలేదు. కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. సెల్ ఫోన్లు అప్పుడప్పుడే పల్లెలకు చేరుతున్న రోజులవి. కొందరికి ఉన్నట్టుండి గుండె లయ తప్పి దడదడా పరిగెత్తుతుంది. అలాంటివాళ్ళను మా డాక్టరు హైదరాబాదులో పెద్దాసుపత్రికి పంపేవాడు. అక్కడ గజ్జ దగ్గర సూది గుచ్చి, నరంలోంచి సన్నటి వైరు గుండె దాకా పంపి, దడకు కారణమైన చోటును కరెంటుతో కాస్త కాల్చేవారు. కోత ఉండదు, కుట్లు ఉండవు. మూడో రోజుకు మనిషి నడుచుకుంటూ మా దగ్గరికి తిరిగి వచ్చేది.

మా డాక్టరుకు ఒక సందేహం పట్టుకుంది. గుండెలో కాల్చినచోట చిన్న గాయం అవుతుంది. గాయం ఉన్నప్పుడు ఒంట్లో వాపు, మంట ఉంటాయి. అవి నెత్తురులో తెలుస్తాయి, సీఆర్పీ అనే పరీక్షలో. మొదటి రోజుల్లో అది పెరుగుతుంది, తర్వాత దిగాలి. దిగనివాళ్ళకు మళ్ళీ దడ వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. అందుకని ఒక్కొక్కరి దగ్గర ఐదుసార్లు నెత్తురు తీయాలి. హైదరాబాదు పోకముందు, వచ్చిన మూడో రోజు, మూడో వారం, మూడో నెల, ఏడాదికి. రాలేనివాళ్ళ ఊళ్ళకు నేనే ఐస్ డబ్బా పట్టుకుని పోవాలి.

నెత్తురుతో పాటు ఒక కాగితం నింపాలి. మాత్రలు వేసుకుంటున్నారా, జ్వరం వచ్చిందా, ఆయాసం ఉందా, దడ వచ్చిందా. ఈ నాలుగూ నేను గడగడా అడిగేసేదాన్ని. ఐదోది, వైరు పెట్టిన చోట వాపు గానీ పుండు గానీ ఉందా అని. దాని కింద డాక్టరు తన చేత్తో రాసి పెట్టాడు: కమిలి ఉంటే భయపడొద్దని చెప్పు, నలుపు పచ్చబడి, పసుపుబడి, దానంతటదే పోతుంది, ఏమీ పూయొద్దని చెప్పు.

వైరు పెట్టే చోటు గజ్జ. నాకు ఇరవై నాలుగేళ్ళు. ఎదురుగా తాత వయసు మనిషి, చుట్టూ కొడుకులు, కోడళ్ళు. ఎలా అడగను? మొదటిసారి ఒక పెద్దాయన్ను అడిగితే ఆయన కొడుకు నన్ను ఎగాదిగా చూశాడు. ఆ రోజు నుంచి ఐదో ప్రశ్నకు నేను ఎవరినీ అడగకుండానే 'లేదు' అని రాసేస్తూ వచ్చాను. ఆడవాళ్ళకు కూడా అంతే, అలవాటు అలవాటే. పైగా అందరూ లేచి నడుస్తున్నారు కదా, ఏమైనా ఉంటే వాళ్ళే చెప్తారులే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ఆ రోజుల్లో వచ్చింది కోసిగి అక్క. అక్క అంటే నా తోబుట్టువు కాదు, కోసిగి పక్క పల్లె నుంచి వచ్చిన రోగి. ముప్పై ఐదేళ్ళు ఉంటాయి. పొడుగు మనిషి, మాట పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. మొదటిసారి చేతికి రబ్బరు పట్టీ కడుతుంటే "గట్టిగా కట్టు పాపా, ఈ చెయ్యి మిరప్పండ్లు కోసిన చెయ్యి, దీనికేం కాదు" అంది. సూది గుచ్చగానే మొహం అటు తిప్పుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను నవ్వితే ఆమె కూడా నవ్వేసింది.

ఆ పడమటి పల్లెల్లో వానలు లేక చేలు ఎండాక జనం గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దాన్ని వాళ్ళు సుగ్గి అంటారు. ఊరికి ఒక మేస్త్రీ ఉంటాడు, ఆయన జనాన్ని పోగుచేసి లారీలో తీసుకుపోతాడు. రెండేళ్ళ కిందట సుగ్గిలో ఈమెకు చేలోనే గుండె దడ వచ్చి సాళ్ళ మధ్యన పడిపోయింది. అందరూ చచ్చిపోయిందనుకున్నారు. మరుసటేడు మేస్త్రీ ఈమెను లారీ ఎక్కనివ్వలేదు. అత్తతో పాటు ఇంటి దగ్గర ఉండిపోయింది. మొగుడు, పన్నెండేళ్ళ కూతురు సుగ్గికి పోయారు. ఒక్కతే కూతురు. నాయినకు ఇంత వండిపెట్టడానికి పోయింది.

"ఆ సుగ్గిలోనే నా బిడ్డ పెద్దమనిషయింది" అని చెప్పింది అక్క. పక్కన కూర్చున్న రోగులు వింటున్నారని కూడా చూసుకోలేదు. "రెండు దినాలు ఎవురికీ చెప్పలేదంట పాపా. ఏందో రోగమనుకుని గుడిసెలో ముడుచుకోని పండుకునిందంట. వాండ్ల నాయినకు ఎట్ల చెప్తాది? అడిగే ఆడమనిషి పక్కన లేకపోయె. మూడో దినం పక్క గుడిసామె చూసి స్నానం పోసిందంట. నాకు నెల తర్వాత తెలిసె."

ఆమె హైదరాబాదు పోయి గుండెలోకి వైరు పెట్టించుకోవడానికి ఒప్పుకున్నది అందుకే. దడ తగ్గాలని కాదు. ఈ ఏడు కూతురితో పాటు లారీ ఎక్కాలని. మేస్త్రీ ఒక షరతు పెట్టాడు: డాక్టరు దగ్గర నుంచి ఈ మనిషి పనికి పోవచ్చు అని కాగితం తేవాలి. ఆ కాగితం ఇచ్చేది మా డాక్టరు. మూడో వారం నెత్తురు పరీక్ష చూశాక ఇస్తానన్నాడు. "నేను లేని తావున నా బిడ్డ ఇంగొక్క సుగ్గి చెయ్యదు పాపా. నువ్వు ఆ నెత్తురు బాగా చూడు" అని నాకు అప్పజెప్పింది, పరీక్ష ఫలితం నా చేతిలో ఉన్నట్టు.

హైదరాబాదులో అంతా సవ్యంగా జరిగింది. మూడో రోజు మొగుడితో కలిసి మా ల్యాబుకు వచ్చింది. కాస్త కుంటుతోంది. బస్సులో కూర్చుని కూర్చుని కాలు పట్టేసి ఉంటుందనుకున్నాను. బల్ల మీద ఇంకా ముగ్గురు మగవాళ్ళు ఉన్నారు, నాకు భోజనానికి ఆలస్యం అవుతోంది. నాలుగు ప్రశ్నలు అడిగాను. ఐదోదాని ఎదురుగా 'లేదు' అని రాశాను. ఆమె నా కలాన్నే చూస్తూ కూర్చుంది. చదువు రాదు కదా, ఏం చూస్తోందిలే అనుకున్నాను.

మూడో వారం నేనే పోవలసి వచ్చింది. ఎమ్మిగనూరులో బస్సు మారి కోసిగి, అక్కడ నుంచి ఆటోలో పల్లె. అది గురువారం. ఊరంతా సుగ్గికి సర్దుకుంటోంది. ఇళ్ళ ముందర జొన్నపిండి మూటలు, చుట్టచుట్టిన పట్టలు, సట్టి, తపేలాలు. సోమవారం పొద్దున లారీ. అక్క కూడా మూట కట్టింది. కూతురి మూట పక్కన తన మూట పెట్టి రెండింటినీ ఒకే తాడుతో బిగించి ఉంచింది. ఆ పిల్ల సన్నగా, గువ్వలా, గడప దగ్గర నిలబడి నన్ను, నా డబ్బాను చూస్తోంది.

"దడ వచ్చిందా అక్కా?"

"ఒక్క దినం రాలేదు. నా గుండె నా మాట ఇంటాండాది ఇప్పుడు" అంది.

మంచం పట్టె మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంది. నేను అది చూశాను. చూశానని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. కానీ రెండు గంటల బస్సు తప్పిపోతే నేను రాత్రికి గానీ కర్నూలు చేరను. ఐసు అప్పటికే సగం కరిగింది. మొగుడు, మామ వరసాయన ఒకడు, ఇద్దరు ఇరుగుపొరుగు మగవాళ్ళు అక్కడే కూర్చుని కబుర్లు చెప్తున్నారు. వాళ్ళను లేవమనాలంటే నాకు నోరు రాలేదు. చకచకా కాగితం నింపాను. ఐదోది 'లేదు'.

శుక్రవారం పరీక్ష చేశాను. సీఆర్పీ దిగలేదు సరికదా, మూడో రోజుకంటే బాగా పెరిగింది. నమ్మకం కుదరక మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. ఐసు కరిగి నెత్తురు పాడయిందేమో అని భయం పట్టుకుంది నాకు. కాగితం తీసుకుపోయి డాక్టరు ముందు పెట్టాను. ఆయన అరిచే మనిషి కాదు. చల్లారిన టీ గ్లాసు పక్కకు జరిపి చాలాసేపు ఆ అంకెనే చూశాడు.

"జ్వరం లేదు. పుండు లేదు. వైరు పెట్టిన చోట ఏమీ లేదు. అంటే ఇది గుండె దగ్గరే ఉండాలి" అన్నాడు నా కాగితం చదువుతూ. "గుండె చుట్టూ పొరకు వాపు వచ్చిందేమో. పనికి పోవచ్చని నేను రాసివ్వలేను. మళ్ళీ హైదరాబాదు పంపాలి."

"సార్, సోమవారం లారీ..."

"లారీ సంగతి నాకు తెలుసమ్మా. రేపు నువ్వే పోయి చెప్పు. ఇంకోసారి నెత్తురు తీసుకో."

శనివారం తెల్లవారగానే బయల్దేరాను. దారి పొడవునా నా కోపమంతా ఆమె మీదే. మాత్రలు మింగి ఉండదు, ఉపవాసాలు ఉండి ఉంటుంది, బరువులు ఎత్తి ఉంటుంది. పక్క సీటులో ఎవరో మంత్రాలయం పోయేవాళ్ళు పూల సంచి నా డబ్బా మీద పెట్టబోతే కసిరాను. ఇల్లు చేరి చెప్పులు విడవకముందే మొదలుపెట్టాను.

"ఏందక్కా, మాత్రలు మింగుతాండావా లేదా? నిజం చెప్పు. నెత్తురులో అంతా తెలిసిపోతాది."

ఆమె లోపలికి పోయి మాత్రల అట్టలు తెచ్చి నా ముందు పరిచింది. ఒక్క మాత్ర మిగల్లేదు, లెక్క తప్పలేదు. కాగితం రాదని, మళ్ళీ హైదరాబాదు పోవాలని చెప్పాను. ఆమె మంచం పట్టె పట్టుకుంది. నవ్వే మనిషి మొహం అంత తొందరగా అలా అయిపోవడం నేను చూడలేకపోయాను.

"దడ రాలేదు కదా పాపా? నాకు బాగుండాది కదా? ఇంగేం కావల్ల ఆ నెత్తురుకి?" అంది.

నేను మొహం తిప్పుకున్నాను. ఎదురుగోడలో దీపం పెట్టే గూడు ఉంది. గూట్లో ఆరిపోయిన దీపం, దాని పక్కన సూదికి గుచ్చిన ఒక నల్లటి గింజ. ఒక వైపు కాలి, పగిలి, జిడ్డు కారి ఎండిపోయి ఉంది.

నా చెయ్యి నా గడియారం మీదికి పోయింది. నా ఎడమ మణికట్టు మీద మూడు నల్ల మచ్చలు ఉన్నాయి. పదేళ్ళప్పుడు కడపలో మెట్ల మీద పడి చెయ్యి బెణికితే మా అవ్వ నల్లజీడి గింజను సూదికి గుచ్చి, దీపం మీద కాల్చి, కారే నూనెతో చుక్కలు పెట్టింది. బట్టల మీద చెరగని గుర్తు పెట్టడానికి వాడే గింజే అది. వాపు లాగేస్తుందని పెద్దవాళ్ళ నమ్మకం. కొందరికి ఏమీ కాదు. నాకు బొబ్బలు లేచి నెల రోజులు రసి కారింది. ఆ మచ్చలు కనపడకూడదనే నేను వెడల్పాటి పట్టీ ఉన్న గడియారం కట్టుకుంటాను.

"అవ్వా, ఎవురికి పెట్టినారు జీడి?" అని అత్తను అడిగాను.

ముసలామె కోడలి వైపు చూసింది. కోడలు నేల వైపు చూసింది. గడప దగ్గర కూతురు, "మాయమ్మకి" అంది మెల్లగా.

నేను లేచి మగవాళ్ళను బయటికి పొమ్మన్నాను. అంతకు ముందెన్నడూ రాని గొంతు వచ్చింది నాకు. ఒకాయన "ఏమైందప్పా" అంటూ గొణుక్కుంటూ లేచాడు. తలుపు వేసి గడియ పెట్టాను. "చూపించక్కా" అన్నాను.

వైరు పెట్టిన చోటు ఎప్పుడో మానిపోయింది. దాని చుట్టూ, తొడ మీదికి, వరసగా నల్ల చుక్కలు. చుక్కల కింద చర్మం బొబ్బలెక్కి, చితికి, ఎర్రగా ఉబ్బి ఉంది. కొన్ని చోట్ల చీము పట్టింది. ఆ పుండుతో ఆమె ఇన్నాళ్ళూ ఎలా నడిచిందో, ఎలా నవ్విందో నాకు అర్థం కాలేదు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పదో దినానికి కమిలింది ఇంత దూరం దిగె, తొడంతా నల్లగా, పచ్చగా అయిపాయె" అని ముసలామె చెప్పుకొచ్చింది. "నెత్తురు లోపల కుళ్ళుతాండాదేమో అని బయమేసి జీడి పెడితి. తగ్గలే. ఇంగోసారి పెడితి. సుగ్గికి పోవల్లని బిడ్డ తొందరపడె. నేనేం చెడు చేసినానా పాపా?"

ఆమె చెడు చేయలేదు. నలుపు పచ్చబడి, పసుపుబడి, దానంతటదే పోతుందని, ఏమీ పూయొద్దని చెప్పాల్సిన మనిషిని నేను. ఆ మాట నా సంచీలో, అచ్చు కాగితం మీద, డాక్టరు చేతిరాతతో ఉంది. రెండుసార్లు ఆ కాగితం ఆమె ముందర పెట్టుకుని కూర్చున్నాను.

ఆ మధ్యాహ్నమే ఆమెను, మొగుణ్ణి వెంటబెట్టుకుని కర్నూలు వచ్చాను. డాక్టరు గుండెకు స్కానింగు చేశాడు. గుండె భేషుగ్గా ఉంది. గుండె చుట్టూ ఏమీ లేదు. వాపంతా తొడ మీదే. పక్కనే ఉన్న లేడీ డాక్టరు పుండు కడిగి కట్టు కట్టింది. సూదిమందులు వేయాలి, పదిరోజులైనా రోజూ కట్టు మార్చాలి, సోమవారం లారీలో కుదుపులు పడుతూ పోవడం కుదరదు అని చెప్పింది. అక్క వింటూ ఊరికే తల ఆడించింది.

సాయంత్రం డాక్టరు నన్ను గదిలోకి పిలిచాడు. టేబుల్ మీద ఆమె కాగితాలు రెండు.

"ఇక్కడ లేదు అని ఉంది. ఇక్కడా లేదు అని ఉంది."

"నేను అడగలేదు సార్."

"మరి ఎవరిని అడిగి రాశావు?"

"ఎవరినీ అడగలేదు సార్. ఎవరి దగ్గరా అడగలేదు. అన్ని కాగితాల్లోనూ అంతే."

ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయన బీరువా తెరిచి అందరి కాగితాలూ బయటికి తీశాడు. ఎర్ర కలంతో ఒక్కొక్క కాగితం మీద ఐదో ప్రశ్నకు నేను రాసిన జవాబును కొట్టేస్తూ పోయాడు. ఆ కలం గీసే చప్పుడు ఇప్పటికీ నాకు ఇష్టం ఉండదు. అన్నీ అయ్యాక, "నాది కూడా తప్పేనమ్మా. మగ రోగులను అడగడానికి నీతో ఒక మగమనిషిని పంపాల్సింది. నాకు తట్టలేదు" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాలుగు రోజులు ఏడ్చి మరిచిపోయేదాన్ని.

సోమవారం పొద్దున లారీ పోయింది. జనం తక్కువైతే మేస్త్రీ ఊరుకోడని మొగుడు ఆదివారమే ఊరికి తిరిగి పోయాడు. కూతుర్ని తీసుకుని లారీ ఎక్కాడు. ఒకే తాడుతో కట్టిన రెండు మూటల్లో ఒకటి విప్పి ఇంట్లో పెట్టారట. అక్క కర్నూలులో ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉంది. లారీ పోయే వేళకు బిడ్డను చూసుకోను కూడా కుదరలేదు.

ఆ రోజు నేను ఆమె మంచం పక్కన కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాను. అడగాల్సింది అడగలేదని, అడిగినట్టు రాశానని. అడగకపోవడానికి సిగ్గే కారణమని. ఏం కాదులే పాపా అంటుందని లోలోపల ఆశపడ్డాను. ఆమె మనసు మంచిది, అనేస్తుంది అనుకున్నాను.

ఆమె పైకప్పు వైపు చూస్తూ, "నువ్వు అడుగుతావేమో అని రెండుసార్లు చూసినా" అంది. "అయిదోది రాసేటప్పుడు నువ్వు తల పైకెత్తలేదు. ఆ కాగితంలో ఏందో ఉండాది, ఈ పాప అడగలేదు, నేనెట్ల చెప్పేది అంతమంది మొగోళ్ళలో, అనుకుంటి. అడిగింటే చెప్పేదాన్ని పాపా. నా బిడ్డ మాదిరే. దాన్ని కూడా ఎవురన్నా అడిగింటే చెప్పేది."

ఆమె చెయ్యి మంచం మీద ఉంటే పట్టుకున్నాను. ఆమె విడిపించుకోలేదు. అంతకు మించి ఆ రోజు నాకు ఏమీ దక్కలేదు, దక్కాల్సిన పని కూడా లేదు.

పదిరోజులూ కట్టు మార్చేటప్పుడు నేనే పక్కన ఉన్నాను. మూడో రోజుకు ఆమె మళ్ళీ నన్ను ఆటపట్టించడం మొదలుపెట్టింది. "నీకు పెండ్లి అయితే మొగుణ్ణి కూడా కాగితం చూసి అడుగుతావా పాపా, జ్వరమా, ఆయాసమా అని?" అంది. వార్డంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. పన్నెండో రోజుకు సీఆర్పీ దిగిపోయింది. పరీక్ష నేనే మూడుసార్లు చేశాను. డాక్టరు కాగితం రాసిచ్చాడు. గుంటూరు బస్సు దాకా నేనే పోయి కిటికీ పక్కన సీటు పట్టి కూర్చోబెట్టాను. ఆ కాగితాన్ని ఆమె జాకెట్టులో దాచుకుంది.

తర్వాత నేను ఆ పాత కాగితాలన్నీ పట్టుకుని ఊరూరా తిరిగాను. ఎర్రగా కొట్టేసిన ప్రతి జవాబుకూ ఆ మనిషిని మళ్ళీ అడగాలి. మగవాళ్ళను అడగడానికి డాక్టరు ఒక కాంపౌండరును నాతో పంపాడు. ఆడవాళ్ళను నేను తలుపు వేసి అడిగాను. మొదట్లో నా మొహం కందగడ్డలా అయ్యేది. కడపలో ఒక కోమట్ల పెద్దమ్మ, అంగడి వెనక గదిలో, "ఇన్నాళ్ళకు ఒక ఆడపిల్ల అడిగింది తల్లీ" అని గంటసేపు చెప్పింది. వైరు పెట్టిన చోటు సంగతి కాదు, ఇరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని ఇంకేవో నొప్పులు. అహోబిలం దారిలో ఒకామె దగ్గర ఇంకో జీడి మచ్చ కూడా దొరికింది, మానిపోయినది. వాళ్ళంతా చెప్పడానికి ఎదురుచూస్తూనే ఉన్నారు. నేనే సిగ్గుపడ్డాను.

డాక్టరు సందేహం ఏమైందో, ఆయన ఆ లెక్కలు ఎక్కడ సమర్పించాడో నాకు సరిగ్గా తెలియదు. నాకు గుర్తున్నది ఏడాదికి తీసిన నెత్తురు. అది ఐదోది, చివరిది.

మూడో నెల నెత్తురు వేళకు కోసిగి అక్క గుంటూరు చేలల్లో ఉంది, అది తీయడం కుదరలేదు. సుగ్గి నుంచి వచ్చాక, వానాకాలం గడిచాక, తనే ల్యాబుకు వచ్చింది. పక్కన కూతురు. పిల్ల ఒక జానెడు పొడుగయింది, తల్లిలాగే కళ్ళతో ముందు నవ్వుతోంది. నేను సంబరంగా లేచి కూర్చోబెట్టి, పరామర్శలన్నీ అయ్యాక, రబ్బరు పట్టీ తీసి ఆమె చేతికి కట్టబోయాను. ఆమె చెయ్యి వెనక్కు లాక్కుంది.

"ముందు ఆ మాట అడుగు" అంది.

బల్ల మీద కూర్చున్నవాళ్ళు మా వైపు చూశారు. నేను పక్క గది తలుపు తీశాను. ఆమె లోపలికి వచ్చింది. కూతురు బయటే ఆగిపోతే, "నువ్వు కూడా రాయే, ఎట్ల అడుగుతారో ఇను" అని పిలిచింది. తలుపు వేశాను. కాగితం చేత్తో పట్టుకోలేదు. ఆమె మొహం చూస్తూ అడిగాను.

"వైరు పెట్టిన కాడ వాపు గానీ, పుండు గానీ, నొప్పి గానీ ఏమైనా ఉండాదా అక్కా?"

"లేదు" అంది.

ఆమె కాగితాల్లో ఐదో ప్రశ్న ఎదురుగా, అడిగి విని నేను రాసిన మొదటి 'లేదు' అదే.